ఎంగిలి కవర్లు

మా వెనక బాల్కనీలో, వాషింగ్ మెషీను పక్కన, 26 కిలోల బియ్యం సంచి ఒకటి మూడేళ్ళుగా ఉంది. అందులో బియ్యం లేవు. చిప్స్ కవర్లు, బిస్కెట్ల రేపర్లు, షాంపూ సాషేలు, పిండేసిన టూత్‌పేస్టు ట్యూబులు, మాత్రలైపోయిన షీట్లు, కొరియర్ డబ్బాల్లో వచ్చే గాలిబుడగల కవర్లు ఉన్నాయి. పాత సామాన్ల కొట్టువాడు చూడగానే చెయ్యి అడ్డంగా తిప్పే సరుకంతా అన్నమాట. అన్నీ కడిగి, ఆరబెట్టి, మడత పెట్టినవే. "మీ ఫిక్సెడ్ డిపాజిట్ ఎంతైంది?" అని మా ఆవిడ అప్పుడప్పుడు అడుగుతుంటుంది.

ఇది నా అంతట నేను మొదలుపెట్టింది కాదు. మూడేళ్ళ కిందట ఒక సంస్థవాళ్ళు మా అపార్ట్‌మెంటుకి వచ్చారు. ఎవరూ కొనని ప్లాస్టిక్ మాకివ్వండి, మూడు నెలలకోసారి వచ్చి తీసుకెళ్తాం అన్నారు. రెండుసార్లు వచ్చారు. తర్వాత ఫోనెత్తడం మానేశారు. వాళ్ళు మానేసినా నేను మానలేదు. రాత్రి గిన్నెలైపోయాక రెండు కవర్లు కడిగి స్టాండు మీద బోర్లిస్తే, ఆ రోజుకి ఏదో పని పూర్తయినట్టుండేది. సంచి ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

కొనేవాడు ఎందుకు కొనడో మొదట్లో నాకు తెలీదు. పాలకవరు కొంటాడు, చిప్స్ కవరు కొనడు. రెండూ కవర్లే కదా? పాలకవరు ఒకే జాతి ప్లాస్టిక్, పాలిథీన్. కరిగిస్తే మళ్ళీ పాలిథీనే వస్తుంది. చిప్స్ కవరు అలా కాదు. బయట అచ్చు వేసిన పొర, లోపల నూనె తగిలినా చెమర్చని పొర, మధ్యలో వెలుతురూ గాలీ రానివ్వని సన్నటి అల్యూమినియం పూత. వెంట్రుక మందం కూడా ఉండని ఆ కాస్తలో ఇన్ని పొరలు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. విడదీసే యంత్రాలు లేక కాదు, విడదీశాక వచ్చేదానికన్నా విడదీయడానికయ్యే ఖర్చు ఎక్కువ. చిప్స్ మెత్తబడకుండా నెలల తరబడి కాపాడే గుణమే ఆ కవరుని దేనికీ పనికిరాకుండా చేస్తోంది.

మరి కవరు వెనక త్రికోణం ఉంటుంది కదా, బాణాలు ఒకదాన్నొకటి తరుముతున్నట్టు? నేనూ దాన్ని చూసే ధైర్యం తెచ్చుకునేవాణ్ణి. ఆ గుర్తుని 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం తెచ్చింది. మధ్యలో 1 నుంచి 7 దాకా ఉండే అంకె ఆ వస్తువు ఏ జాతి ప్లాస్టిక్కో చెబుతుంది, అంతే. మళ్ళీ వాడతారని అది మాటివ్వడం లేదు. 7 అంటే 'ఇతరములు'. మన వంశవృక్షాల్లో ఎవరికి పుట్టాడో తెలియనివాణ్ణి రాసుకున్నట్టు. బాణాలు జనాన్ని తికమక పెడుతున్నాయని 2013లో ప్రమాణాలు రాసేవాళ్ళు వాటిని తీసేసి ఉత్త త్రికోణం పెట్టారు. పాతికేళ్ళు ఆ బాణాలు చెయ్యాల్సిన పని చేసేశాయి.

2017లో ముగ్గురు శాస్త్రవేత్తలు లెక్క తీశారు. 2015 వరకూ ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్త 630 కోట్ల టన్నులు. అందులో తిరిగి వాడకానికి వచ్చింది 9 శాతం. కాల్చింది 12. తక్కిన 79 శాతం గుట్టల్లోనో, నేలమీదో, నీళ్ళలోనో ఉంది. నా బియ్యం సంచి దాంట్లో ఎంత అని ఆలోచించడం అనవసరం.

ఇక మన చట్టం. 2016లో వచ్చిన ప్లాస్టిక్ చెత్త నియమాల్లో ఒక మంచి వాక్యం ఉండేది: రీసైకిల్ చెయ్యడానికి వీల్లేని బహుళ పొరల ప్లాస్టిక్ తయారీ, వాడకం రెండేళ్ళలో ఆగిపోవాలని. రెండేళ్ళు నిండే సమయానికి, 2018 మార్చిలో, ఆ వాక్యాన్ని సవరించారు. రీసైకిల్ చెయ్యడానికి గాని, మండించి శక్తి తియ్యడానికి గాని, ఇంకే రకంగా వాడుకోడానికి గాని పనికిరానిది మాత్రమే ఆపాలి అన్నారు. ప్లాస్టిక్ పుట్టిందే చమురులోంచి. మండని ప్లాస్టిక్ ఎక్కడుంటుంది? కాబట్టి ఆపాల్సింది దాదాపు ఏమీ మిగల్లేదు. 2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ పుల్లల ఇయర్‌బడ్స్, ప్లేట్లు, చెంచాలు నిషేధించారు. చిప్స్ కవరు ఆ జాబితాలో లేదు. చట్టంలో ఇంత చిన్న చోట ఇంత పెద్ద దారి తెరవొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మా బావమరిది నల్గొండ జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. పండక్కి వచ్చినప్పుడు సంచి చూసి నవ్వాడు.

"ఇదంతా చివరికి మా బట్టీకే వస్తుంది బావా. లోపల 1400 డిగ్రీల పైన వేడి. బొగ్గుకి బదులు కొంత ఇది. బూడిద కూడా సిమెంటులోనే కలిసిపోతుంది. కాలేదానికి స్నానం ఎందుకు చేయిస్తున్నావు?"

"శవానికి స్నానం చేయించే కదరా కాలుస్తాం," అన్నాను.

ఆ పూటకి నవ్వుకున్నాం. కానీ ఆ మాట పట్టుకుంది. నేను చేస్తున్నది అంత్యక్రియలేనా? అయితే దాన్ని ఎందుకు ఇంకో పేరుతో పిలుచుకుంటున్నాను? కొండల్లా పడి ఉండేకన్నా బట్టీలో బొగ్గుకి బదులు కాలడం మేలే కావచ్చు. మదురై ప్రొఫెసరు వాసుదేవన్ చూపించినట్టు వేడి కంకర మీద పూత పూసి తారురోడ్డులో కలపడం ఇంకా మేలు కావచ్చు. ఆయనకి 2018లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. కానీ బట్టీకి పోయినా రోడ్డుకి పోయినా చిప్స్ కవరు మళ్ళీ చిప్స్ కవరు కాదు. రేపటి చిప్స్‌కి రేపు కొత్త చమురే కావాలి. చక్రం అనుకున్నది చక్రం కాదు, ఒక్కవైపే పోయే బాట.

ఇలాంటప్పుడు మనవాళ్ళకి చేతికందే మందు ఒకటుంది: నిష్కామకర్మ. "నీ పని నువ్వు చెయ్యి, ఫలితం సంగతి నీకెందుకు" అని మిత్రుడొకడు ఓదార్చాడు. కొన్నాళ్ళు నాకూ అది నచ్చింది. తర్వాత అనుమానం వచ్చింది. ఫలం మీద ఆశ వద్దనడం వేరు, ఫలం ఎక్కడికి పోతోందో అడగొద్దనడం వేరు. పుచ్చిపోయిన విత్తనమని తెలిసీ చల్లుతూ, నాకు పంట మీద మోహం లేదనే రైతుని ఎవరైనా కర్మయోగి అంటారా? నేను కవరు కడగడం ఆపలేకపోయింది యోగం వల్ల కాదు. కడిగితే నాకు హాయిగా ఉంది కాబట్టి. ఆ హాయి ఫలం కాకపోతే మరేమిటి?

ఇంకో సంగతి మా ఆవిడే పట్టుకుంది. "సంచి పెట్టాక మనింట్లో చిప్స్ తగ్గలేదు, పెరిగాయి. చూసుకున్నారా?" అంది. నిజమే. అంతకుముందు కొనేటప్పుడు ఎక్కడో కాస్త గుచ్చుకునేది. ఇప్పుడు కొనేటప్పుడే మనసులో సంచి కనబడుతోంది. ప్రాయశ్చిత్తం ముందే సిద్ధంగా ఉంటే తప్పు చెయ్యడం ఎంత తేలికో పురోహితుణ్ణి అడగక్కర్లేదు.

అలాగని నేరమంతా నాదే అని తల బాదుకోవడం కూడా నాకు సమ్మతం కాదు. సాషే నేను కనిపెట్టలేదు. 1983లో చిక్ షాంపూతో కడలూరు కుటుంబం ఒకటి ఆ వ్యాపారాన్ని తమిళనాట ఊరూరికీ తీసుకెళ్ళింది, తర్వాత పెద్ద కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. మా ఊరి కిరాణా కొట్టులో దండల్లా వేలాడే ఆ సాషేలు నాకింకా గుర్తు. అప్పటిదాకా కుంకుడుకాయో బట్టల సబ్బో తప్ప ఎరగని ఆడపిల్లలు రూపాయికి, అర్ధరూపాయికి అవి కొనుక్కుని పండగపూట జుట్టు విరబోసుకునేవాళ్ళు. సీసా కొనలేని ఇంట్లో ఆ సాషే చిన్న గౌరవం. దాన్ని వెక్కిరించే హక్కు సీసా కొనగలిగిన నాకు లేదు. కానీ రూపాయి సరుకు అమ్మినవాడు లాభం తీసుకుని వెళ్ళిపోయి, ఖాళీ కవరు మాత్రం ఊరికి వదిలాడు. ఆ రోజుల్లో పాత ఇనుముకీ, విరిగిన ప్లాస్టిక్ బిందెకీ ఉల్లిపాయలిచ్చే బండి వచ్చేది మా వీధిలోకి. పిల్లలం ఇంట్లో విరగనివి కూడా విరగ్గొట్టి పట్టుకెళ్ళేవాళ్ళం. ఆ బండివాడు కూడా సాషే తీసుకునేవాడు కాదు. ఉల్లిపాయ రెక్క కూడా రానిది మా ఊళ్ళోకి వచ్చిన మొదటి వస్తువు అదేనేమో.

ఇంతవరకూ ఆలోచించి, ఇక చాల్లే అనుకునేవాణ్ణి. ఒకరోజు పొద్దున ఆమె చెయ్యి చూడకపోయుంటే.

మా అపార్ట్‌మెంటుకి చెత్త ఆటో వస్తుంది. భర్త నడుపుతాడు, ఆమె ఎక్కి వేరుచేస్తుంది. ఆ రోజు కుడి అరచేతికి చీర పేలిక కట్టుకుని, ఎడమచేత్తో డబ్బాలు ఎత్తుతోంది.

"ఏమైంది?"

"బ్లేడ్ కోసుకున్నది సార్. ఎవరింట్లదో."

నేను గీసుకునేది పాతకాలం రేజరుతో. అయిపోయిన బ్లేడు దాని కాగితంలోనే మడిచి పొడిచెత్త డబ్బాలో వేస్తాను. చిప్స్ కవరుని సబ్బుపెట్టి కడిగే మనిషిని, బ్లేడు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మా అపార్ట్‌మెంటులో 38 ఇళ్ళున్నాయి. అది నాదే అయ్యుంటుందని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఆమె 'ఎవరింట్లదో' అన్నప్పుడు నేను ఏమీ అనలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ అనకపోవడమే.

మర్నాడు అడిగాను, మేం ఏం చేస్తే మీకు పని తేలికవుతుందని. మీరు అన్నాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది, నేను ఇంకెవరితోనైనా మాట్లాడుతున్నానేమోనని. నాలుగేళ్ళుగా నువ్వు అంటూ వచ్చాను. వయసులో మా చెల్లెలంత ఉంటుంది. పేరు కూడా ఆ రోజే తెలిసింది. ఆమెని అడగలేదు కాబట్టి ఇక్కడ రాయను.

"గా చిప్సు కవర్లు మీరు కడిగినా కడగకున్నా మాకేం ఫరక్ పడదు సార్. ఎవ్వలు కొంటరవి? తడి దాంట్ల పొడిది కలపకుండ్రి. పిల్లల డైపర్లు, ఆడోళ్ళ ప్యాడ్లు పేపర్ల చుట్టి ఇడిగ పెట్టమనుండ్రి. సీసా పగిలితే చెప్పుండ్రి. గంతే." కాసేపాగి నవ్వుతూనే అంది. "పాలకవర్లు మంచిగ అమ్ముడుపోతయి సార్. అవి మీరే అమ్ముకుంటిరి."

అవును. పాలకవర్లు మాత్రం నేను విడిగా దాచి, నెలకోసారి పాత సామాన్ల కొట్టులో ఇచ్చి, వచ్చిన చిల్లర హుండీలో వేస్తున్నాను. పర్యావరణానికి మంచిది అనుకున్నాను. ఇంటికి ఇంత అని నెలకి మేమిచ్చే డబ్బుతో పాటు, చెత్తలో అమ్ముడుపోయే సరుకే వాళ్ళ బతుకు. డబ్బొచ్చేది నేను ఉంచుకుని, రానిది దాచిపెట్టి, కుళ్ళింది ఆమెకిస్తున్నాను. మూడేళ్ళుగా భూమాతకి జవాబు చెప్పుకుంటున్నాననే అనుకున్నాను. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి చెప్పాల్సిన జవాబు ఒకటుందని తోచలేదు.

మా అమ్మకి ఎనభై దాటాయి, మాతోనే ఉంటుంది. ఇప్పటికీ గ్లాసు పెదవికి తగలనివ్వకుండా నీళ్ళు ఎత్తి పోసుకుంటుంది. మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరు తిన్న విస్తరి వాళ్ళే తియ్యాలి. "నీ ఎంగిలి ఇంకొకళ్ళ చేత ఎత్తించకూడదు" అనేది. ఈ సంగతంతా చెప్పినప్పుడు ఆవిడ ఒకటే అంది: "మీరు పారేసేదంతా ఎంగిలే కదురా." కవరు నోటికి తగలదు కదమ్మా అని వాదించబోయి ఊరుకున్నాను. చిప్స్ తిన్న వేళ్ళు, పేస్టు పిండిన చెయ్యి, పిల్లవాడు తడిపిన డైపరు... ఎంగిలి కాక మరేమిటి?

అయితే అమ్మ నియమాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించలేను. మా ఇంటి పెళ్ళిళ్ళలో పంక్తి లేచాక ఎంగిలి విస్తళ్ళు ఎవరు ఎత్తేవాళ్ళో నాకు బాగా గుర్తుంది. మేం ఏ కులంవాళ్ళని బావి దగ్గరికి రానిచ్చేవాళ్ళం కాదో, వాళ్ళు. పెరట్లో నిలబడి పంక్తి ఎప్పుడు లేస్తుందా అని చూసేవాళ్ళు. 'ఇంకొకళ్ళు' అన్న మాటలో వాళ్ళు లేరు. ఎంగిలి ఇంకొకళ్ళ చేత ఎత్తించకూడదన్న నియమం ఎంత గొప్పదో, ఆ ఇంకొకళ్ళ లెక్కలో ఎవరున్నారో చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు అరిటాకు పోయి ప్లాస్టిక్ వచ్చింది, పెరడు పోయి గేటు వచ్చింది. ఎత్తేవాళ్ళు మాత్రం చాలావరకు ఆ ఇళ్ళ పిల్లలే. రీసైక్లింగ్ అనే శుభ్రమైన మాట వెనక ఈ పాత ఏర్పాటు అలాగే కూర్చుని ఉంది. మనం చర్చించేదంతా వస్తువు గతి గురించే. అది ఏ చేతుల మీదుగా పోతోందన్నది చర్చలోకి రాదు.

పుణేలో చెత్త ఏరేవాళ్ళు 'స్వచ్ఛ్' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. వాడిన ప్యాడుని కాగితంలో చుట్టి పైన ఎర్రచుక్క పెట్టండి, మాకు తెలుస్తుంది, విప్పి చూడక్కర్లేదు అని వాళ్ళు ఇళ్ళవాళ్ళని అడిగారు. ఓసారి వాడేసిన ప్యాడ్లని మూటగట్టి తయారుచేసిన కంపెనీలకే పంపారు. ఆ మూట విప్పిన గుమాస్తా ముఖం ఊహించుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. 2016 ఘన వ్యర్థాల నియమాల్లో, ప్యాడ్లూ డైపర్లూ తయారుచేసేవాళ్ళు వాటిని చుట్టి పారెయ్యడానికి సంచో కాగితమో పాకెట్టుతో పాటు ఇవ్వాలని రాశారు. మా మనవడికి నెలకి రెండు పెద్ద డైపర్ పాకెట్లు వస్తాయి, వాటిల్లో అలాంటిది నాకైతే కనబడలేదు.

అపార్ట్‌మెంటు మీటింగులో ఈ విషయం ఎత్తాను. లిఫ్టు మరమ్మతు తర్వాత, పార్కింగు గొడవకి ముందు, ఐదు నిమిషాలు దొరికాయి. "వాళ్ళకి డబ్బులిస్తున్నాం కదండీ" అన్నారొకాయన. "అన్నీ వేరు చేసిస్తే వాళ్ళకి పనేం ఉంటుంది?" అన్నారు ఇంకొకరు. ఆ రెండో మాట విని మొదట కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అంత తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. నిజంగానే ఒకరోజు ప్లాస్టిక్ అంతా లేకుండాపోతే, లేదా కంపెనీలు యంత్రాలు పెట్టి అంతా తామే తీసుకుంటే, ఆటోలో నిలబడి ఏరుకునే ఈమె ఇల్లు ఎలా గడుస్తుంది? పిల్లాడు ఇంటర్ చదువుతున్నాడని చెప్పింది. ఆ ఫీజులో నా పాలకవర్లు కూడా ఉండాల్సింది. చెత్త తగ్గాలి, ఆమె సంపాదన తగ్గకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో తేల్చుకోలేకపోతున్నాను. ఆయన అన్నది మాత్రం ఆ బెంగతో కాదని నాకు తెలుసు.

చివరికి 38 ఇళ్ళలో పదకొండు ఇళ్ళవాళ్ళు ఎర్ర స్కెచ్ పెన్నులు కొనుక్కున్నారు. బ్లేడులకి నేను పాత బోర్న్‌వీటా డబ్బా మూతకి గాటు పెట్టి కింద వాచ్‌మన్ గది దగ్గర పెట్టాను. రెండు నెలల్లో పావువంతు నిండింది. పాలకవర్లు కడిగి ఆమెకే ఇస్తున్నాం. మూల కత్తిరించి ఆ ముక్క విడిగా పడేసేవాళ్ళం, ఇప్పుడు పూర్తిగా తెగకుండా గాటు పెడుతున్నాం. ఆ చిన్న ముక్కల్ని ఏరడం ఎవరివల్లా కాదు. చిప్స్ కొనడం బాగా తగ్గింది. మానలేదు. మనవడు వచ్చినప్పుడు కొంటాం, తిన్నాక ఉత్తినే దులిపి పొడిచెత్తలో వేస్తాం. చేతికి జిడ్డు అంటేది కనక జామ్ సీసా, నూనె పాకెట్టు మాత్రం ఇప్పటికీ కడుగుతాను.

మొన్న ఆదివారం బియ్యం సంచి మూతి కట్టి కిందికి దించాను. ఇది అమ్ముడుపోదని తెలుసు, బట్టీకి పోయేదాంట్లో వేసెయ్యండి అన్నాను. ఎత్తడానికి సాయం పట్టబోతే వద్దంది. ఒంటిచేత్తో ఆటోలోకి గిరాటేసింది.

"బరువే లేదు సార్," అంది. తర్వాత గేటు వైపు చూస్తూ, "మూడో అంతస్తోళ్ళకు చెప్పుండ్రి, తడి చెత్త పొద్దుగాలనే పెట్టమని. నిన్న కుక్కలు గుంజినయి."